తెర ఊరు – నేల ఊరు: అమెరికన్ టెలివిజన్ స్థలకల్పన వెలుగులో ‘ఫిదా’ బాన్సువాడ

వ్యాస సంగ్రహం

దృశ్యమాధ్యమంలో కథ జరిగే ఊరు, ఆ కథను చిత్రీకరించిన ఊరు ఒకటే కానవసరం లేదు. అమెరికన్ టెలివిజన్‌లో చిరకాలం నిలిచిన గ్రామీణ ధారావాహికలు చాలావరకు కాలిఫోర్నియాలోని స్టూడియో ఆవరణల్లో తయారయ్యాయి. వాటికి మూలమైన ఊళ్లు ఆ తర్వాత తెరమీది రూపాన్ని తమ గుర్తింపుగా స్వీకరించాయి. తెలుగులో 2017లో వచ్చిన ‘ఫిదా’ ఇందుకు భిన్నంగా బాన్సువాడ పేరుతోనే, బాన్సువాడ ప్రాంతంలోనే రూపొందింది. అసలు నేల మీద తీసినంత మాత్రాన ఆ నేల సత్యం తెరకెక్కుతుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ‘ది ఆండీ గ్రిఫిత్ షో’, ‘ది వాల్టన్స్’ ధారావాహికలతో ‘ఫిదా’ను తులనాత్మకంగా పరిశీలించి, స్థలసత్యానికి ప్రమాణం దృశ్యం కాదని, ఆ స్థలంలోని జీవిక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కథాస్థలం, చిత్రీకరణ స్థలం, స్మృతిస్థలం, బాన్సువాడ, బోధన్ చెరకు ప్రాంతం, ‘ఫిదా’, ‘ది వాల్టన్స్’, జీవిక.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా విమర్శలో కథ, పాత్ర, సంభాషణ, సంగీతం గురించి జరిగినంత చర్చ స్థలం గురించి జరగలేదు. ఊరిని నేపథ్యం అనే ఒక్క మాటతో దాటవేయడం పరిపాటి. ‘పచ్చని పొలాల నేపథ్యంలో సాగే ప్రేమకథ’ అన్న వాక్యం సమీక్షల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ పొలాలు ఎవరివి, వాటికి నీరు ఎక్కడి నుంచి వచ్చింది, వాటిలో పనిచేసేవారు ఎవరు అన్న ప్రశ్నలు ఆ వాక్యంలో ఇమడవు.

నిజామాబాద్ ప్రాంతానికి ఈ ప్రశ్నలు మరింత వర్తిస్తాయి. మంజీర, గోదావరి నదుల నడుమ విస్తరించిన ఈ నేల బాన్సువాడ, వర్ని, బోధన్‌ల మీదుగా నిజామాబాద్ నగరం దాకా, అక్కడి నుంచి మాక్లూర్, నందిపేట, ఆర్మూర్‌ల దాకా వరి, చెరకు, పసుపు పండించిన నేల. బీడీలు చుట్టే మహిళలు, గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన పురుషులు ఇక్కడి పల్లెల్లో అసంఖ్యాకులు. ఈ ప్రాంతం తెలుగు తెర మీద విస్తృత ప్రేక్షకాదరణతో, సొంత పేరుతో కనిపించిన సందర్భాల్లో ‘ఫిదా’ ముఖ్యమైనది. అందువల్ల ఆ చిత్రంలో ఈ నేల ఎంత కనిపించింది, ఏ మేరకు కనుమరుగైంది అన్నది ఒక చిత్రం మంచిచెడ్డలకే పరిమితమయ్యే విషయం కాదు. ఒక ప్రాంతం తనను తాను ఎలా జ్ఞాపకం పెట్టుకుంటుందన్నది కూడా ఇందులో ఉంది.

2. స్థలకల్పన: మూడు భావనలు

భారతీయ కళాసంప్రదాయానికి స్థలకల్పన కొత్త కాదు. నాట్యశాస్త్రం రంగస్థలాన్ని కక్ష్యలుగా విభజించింది. నటుడు ఒక కక్ష్య నుంచి మరొక కక్ష్యలోకి నడిస్తే స్థలం మారినట్లు ప్రేక్షకుడు గ్రహిస్తాడు. నిజామాబాద్ జిల్లా గర్వించే చిందు యక్షగాన కళాకారిణి చిందుల ఎల్లమ్మ ప్రదర్శనల్లోనూ అడవికి చెట్టు, రాజసభకు స్తంభం అవసరపడలేదు. మాట, అడుగు, అభినయం స్థలాన్ని నిర్మించాయి. ప్రబంధకవులు పురవర్ణనతో కావ్యాన్ని ఆరంభించారు. పెద్దన మనుచరిత్రలోని అరుణాస్పదపురం పాఠకుడి మనస్సులో వెలసిన నగరమే. అలంకారశాస్త్రం దేశకాలాలను ఉద్దీపన విభావాలుగా గుర్తించింది. అంటే స్థలం రసాన్ని ఉద్దీపింపజేయాలి. అది యథాతథంగా ఉండాలన్న నియమం లేదు.

కెమెరా రాకతో ఈ ఒప్పందం మారింది. కెమెరా ముందు ఏదో ఒక స్థలం భౌతికంగా ఉండి తీరాలి. దాంతో దృశ్యమాధ్యమంలో మూడు స్థలాలు ఏర్పడ్డాయి. కథ జరుగుతున్నట్లు చెప్పేది కథాస్థలం. కెమెరా నిలిచినది చిత్రీకరణ స్థలం. కథ ముగిశాక ప్రేక్షకుడు వెతుక్కుంటూ వెళ్లేది స్మృతిస్థలం. ఈ మూడింటి మధ్య దూరమే స్థలకల్పన స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

అమెరికన్ టెలివిజన్ చరిత్రలో ఈ దూరానికి ప్రసిద్ధమైన ఉదాహరణలు ఉన్నాయి. 1972 నుంచి 1983 దాకా ప్రసారమైన ‘మ్యాష్’ కథ కొరియా యుద్ధరంగంలోని సైనిక వైద్యశిబిరంలో జరుగుతుంది. దాని బహిర్దృశ్యాలు కాలిఫోర్నియాలోని మాలిబు క్రీక్ కొండల్లో తీశారు. 1982లో కార్చిచ్చు రేగి అక్కడి సెట్టు కాలిపోతే, ఆ మంటనే చివరి భాగం కథలో కలుపుకున్నారు. అంటే కాలిఫోర్నియా నిప్పు కొరియా నిప్పుగా మారింది. ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ కథ మిన్నెసోటా రాష్ట్రంలోని వాల్నట్ గ్రోవ్‌లో సాగుతుంది. చిత్రీకరణ జరిగింది కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో. అందువల్ల మైదానపు కథ వెనుక కొండలు కనిపిస్తాయి.

1969–74 మధ్య వచ్చిన ‘ది బ్రేడీ బంచ్’ విషయం మరింత విలక్షణమైనది. లాస్ ఏంజిలెస్‌లోని ఒక ఇంటి వెలుపలి భాగాన్ని మాత్రమే ఈ ధారావాహికలో చూపారు. లోపలి గదులన్నీ స్టూడియోలో కట్టినవి. 2018లో ఒక టెలివిజన్ సంస్థ 35 లక్షల డాలర్లకు ఆ ఇంటిని కొని, స్టూడియో సెట్టును పోలి ఉండేలా లోపలి గదులను తిరిగి కట్టించింది. ఇంటిని చూసి సెట్టు కట్టడం మామూలు. ఇక్కడ సెట్టును చూసి ఇంటిని కట్టారు. స్మృతిస్థలం బలపడితే అసలు స్థలాన్నే తన రూపంలోకి మార్చుకోగలదని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

3. మేబెరీ: ప్రతిబింబాన్ని ఆశ్రయించిన ఊరు

ఒక ఇంటికి జరిగినది ఒక ఊరికీ జరగవచ్చు. 1960 అక్టోబరు నుంచి 1968 ఏప్రిల్ దాకా 249 భాగాలుగా ప్రసారమైన ‘ది ఆండీ గ్రిఫిత్ షో’కు కథాస్థలం మేబెరీ. నార్త్ కరోలినా రాష్ట్రంలోని చిన్న పట్టణంగా దాన్ని కల్పించారు. తుపాకి పట్టని షెరీఫ్, అతని కొడుకు, అమాయకుడైన సహాయకుడు, క్షురకశాల ముందు కబుర్లు చెప్పుకునే మనుషులు ఆ ఊరి ప్రపంచం. ఆ వీధులన్నీ కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో ‘ఫార్టీ ఎకర్స్’ అని పిలిచే స్టూడియో ఆవరణలో ఉండేవి. తండ్రీకొడుకులు గాలాలు భుజాన వేసుకొని నడిచే ఆరంభ దృశ్యంలోని చెరువు లాస్ ఏంజిలెస్ కొండల్లోనిది.

షెరీఫ్ పాత్రధారి ఆండీ గ్రిఫిత్ జన్మస్థలం నార్త్ కరోలినాలోని మౌంట్ ఎయిరీ. మేబెరీ అంటే మౌంట్ ఎయిరీయేనన్న వాదాన్ని గ్రిఫిత్ చాలాకాలం గట్టిగా సమర్థించలేదు. ఆ ఊరు మాత్రం ఆ పేరును స్వీకరించింది. 1990 నుంచి అక్కడ మేబెరీ ఉత్సవాలు జరుగుతున్నాయి. నాటి ధారావాహికలోని పోలీసు కారును పోలిన కార్లలో పర్యాటకులను ఊరంతా తిప్పుతారు. మౌంట్ ఎయిరీ ఒకప్పుడు వస్త్ర పరిశ్రమ మీద బతికిన ఊరు. మిల్లులు మూతబడ్డాక ఆ ఊరికి పర్యాటకం ప్రధాన ఆసరాల్లో ఒకటైంది. ఎన్నడూ కెమెరా రాని ఊరు, కెమెరా కల్పించిన ఊరిని తన గతంగా ప్రదర్శిస్తోంది.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఈ ధారావాహిక మొదలైన 1960లోనే, ఫిబ్రవరి 1న, అదే నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికే కేటాయించిన భోజనబల్ల దగ్గర కూర్చొని నిరసన తెలిపారు. పౌరహక్కుల ఉద్యమంలో అదొక మైలురాయి. మేబెరీలో నల్లజాతి పాత్రలు దాదాపు కనిపించవు. కల్పిత గ్రామం ప్రశాంతంగా ఉండటానికి ఆ కాలపు ఘర్షణను, ఆ ఘర్షణకు కారకమైన మనుషులను పక్కన పెట్టవలసి వచ్చింది. ఊరి ప్రశాంతతకు తెర చెల్లించిన మూల్యం ఇది. ఆ ప్రశాంతతే నేడు పర్యాటకులను ఆకర్షిస్తోంది.

4. ‘ది వాల్టన్స్’: స్టూడియోలో నిలిచిన జీవిక

మేబెరీ కల్పిత నామం. 1972 నుంచి 1981 దాకా సాగిన ‘ది వాల్టన్స్’ కూడా కల్పిత నామాన్నే వాడుకుంది. అయితే దాని వెనుక రచయిత ఆత్మకథ ఉంది. సృష్టికర్త ఎర్ల్ హామ్నర్ జూనియర్ వర్జీనియా రాష్ట్రంలోని స్కైలర్ గ్రామంలో పెరిగాడు. తన కుటుంబాన్ని, 1930ల ఆర్థికమాంద్యాన్ని కథావస్తువుగా తీసుకున్నాడు. పెద్దవాడైన జాన్‌బాయ్ గొంతుతో కథను వినిపించింది హామ్నరే. అయినా వాల్టన్ల ఇల్లు వర్జీనియాలో లేదు. కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆవరణలో దాన్ని నిర్మించారు.

స్కైలర్ మెత్తని సబ్బురాయి గనులు, ఆ రాయిని మలిచే కర్మాగారం మీద ఆధారపడిన ఊరు. హామ్నర్ తండ్రి అక్కడే పనిచేసేవాడు. మాంద్యంలో ఆ పని పోయింది. అప్పుడాయన దూరపు పట్టణంలోని ఫ్యాక్టరీలో చేరి, వారాంతాల్లో ఇంటికి వచ్చేవాడు. తెరమీద ఆ కర్మాగారం కనిపించదు. దాని స్థానంలో కుటుంబం సొంతంగా నడుపుకునే కలపకోత మిల్లు వచ్చింది. కూలికి పనిచేసిన కుటుంబం తెరమీద స్వతంత్ర ఉత్పత్తిదారుల కుటుంబమైంది. ఇది చిన్న మార్పు కాదు. ఒక కర్మాగారపు ఊరి చరిత్రను కొండమీది కుటుంబగాథగా మలచడం అందులో ఉంది.

అయినా ఈ ధారావాహిక ఒక విషయాన్ని విడిచిపెట్టలేదు. బతుకుదెరువు ఇందులో కథకు కేంద్రం. కలప అమ్ముడుపోతుందా, అప్పు తీరుతుందా, కొడుకు చదువుకు డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నలు ఎన్నో భాగాల కథను నడిపించాయి. ధారావాహికకు ముందు, 1971లో ప్రసారమైన టెలివిజన్ చిత్రం ‘ది హోమ్‌కమింగ్’ కథ మొత్తం ఒక నిరీక్షణ. 1933 క్రిస్మస్ ముందురోజు, దూరాన పనిచేస్తున్న తండ్రి ఇంటికి చేరలేదు. తల్లి, పిల్లలు ఎదురుచూస్తుంటారు. కర్మాగారాన్ని తొలగించిన కథకుడు, పని కోసం దూరమైన తండ్రి లేమిని మాత్రం అలాగే నిలిపాడు. దృశ్యం బర్బాంక్‌దే అయినా వేదన స్కైలర్‌ది.

1992లో స్కైలర్‌లోని పాత పాఠశాల భవనంలో వాల్టన్స్ మ్యూజియం వెలిసింది. తెరమీది గదులను అక్కడ పునర్నిర్మించి చూపుతున్నారు. ఇక్కడా ప్రతిబింబమే ఊరికి గుర్తింపైంది. కానీ మౌంట్ ఎయిరీకి, స్కైలర్‌కి భేదం ఉంది. ఒకటి ఎన్నడూ లేని ప్రశాంతతను జ్ఞాపకంగా స్వీకరించింది. మరొకటి తాను నిజంగా అనుభవించిన లేమిని, రూపం మారినప్పటికీ, తిరిగి పొందింది.

5. మాల్గుడి నుంచి మంగళపర్తి దాకా

భారతీయ టెలివిజన్‌లో ఈ కోవకు చెందిన ఉదాహరణ ‘మాల్గుడి డేస్’. ఆర్.కె. నారాయణ్ కల్పించిన మాల్గుడి ఏ పటంలోనూ లేదు. 1980లలో శంకర్ నాగ్ దూరదర్శన్ కోసం దాన్ని కర్ణాటకలోని ఆగుంబెలో చిత్రీకరించాడు. అప్పటి నుంచి ఎందరో ప్రేక్షకులకు మాల్గుడి అంటే ఆగుంబె. ఇక్కడ కల్పిత నామానికి ఒక అసలైన ఊరు శరీరమైంది.

తెలుగు ధారావాహికలు ఈ మార్గాన్ని పెద్దగా అనుసరించలేదు. అవి ఎక్కువగా హైదరాబాదు పరిసరాల్లోని బంగళాల్లో, స్టూడియో అంతస్తుల్లో తయారవుతున్నాయి. విశాలమైన హాలు, మెట్లు, పూజగది ఉంటే కథకు చాలు. ఇల్లు ఉంటుంది, ఊరు ఉండదు. అందువల్ల తెలుగులో స్థలకల్పనను పరిశీలించాలంటే సినిమా వైపు చూడక తప్పదు.

తెలుగు సినిమాలో పల్లె అంటే చాలాకాలం గోదావరి తీరమే. కొబ్బరిచెట్లు, కాలువ, పడవ కలిస్తే అది పల్లెటూరు. తెలంగాణ పల్లె ఆ చిత్రపటంలోకి ఆలస్యంగా, భిన్నమైన మార్గంలో వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ అందులో తొలి మైలురాళ్లలో ఒకటి. సాయుధపోరాట కాలపు పల్లెను మెదక్ ప్రాంతంలోని మంగళపర్తిలో చిత్రీకరించారు. కథాస్థలం, చిత్రీకరణ స్థలం అక్కడ వేరైనా, రెండూ గడీ పాలనను ఎరిగిన తెలంగాణ నేలలే. భూమి ఎవరిది, వెట్టి ఎవరు చేశారు, పంట ఎవరికి చేరింది అన్న ప్రశ్నలే ఆ చిత్రానికి శిల్పం. అందులో రామయ్య పాత్రధారి సాయిచంద్. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత ‘ఫిదా’లో నాయిక తండ్రిగా కనిపించింది ఆయనే. తెలంగాణ పల్లె తెరమీద ఎంత ప్రయాణించిందో ఆ ఒక్క నటుడి ముఖం చెబుతుంది. భూమి కోసం తిరగబడిన యువకుడు, సొంత ఇంట్లో ఆడపిల్లలను గారాబంగా పెంచే తండ్రి అయ్యాడు.

6. ‘ఫిదా’: పేరు, నేల, నుడి

శేఖర్ కమ్ముల రచన, దర్శకత్వంలో ‘ఫిదా’ 2017 జూలై 21న విడుదలైంది. నిర్మాతల్లో ఒకరైన దిల్ రాజు నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లికి చెందినవారు. బాన్సువాడకు చెందిన భానుమతి, అక్క పెళ్లి సందర్భంగా అమెరికా నుంచి వచ్చిన వరుణ్‌ల ప్రేమ, అపార్థం, సమాధానం ఇందులోని కథ. కథాభాగం కొంత బాన్సువాడలోను, కొంత అమెరికాలోను సాగుతుంది. బాన్సువాడ భాగాలను ఆ ప్రాంతంలోనే తీశారు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్లినా, జీవనసంబంధంలో అది నిజామాబాద్, బోధన్ ప్రాంతానికి చెందినదే.

ఈ చిత్రం సాధించినవాటిలో మూడు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది పేరు. ఊరి పేరు మార్చకుండా, కల్పిత నామం వెనుక దాచకుండా, పాత్రల నోట సగర్వంగా పలికించడం. హామ్నర్ సైతం స్కైలర్‌ను స్కైలర్ అనలేకపోయాడు. రెండవది నుడి. తెలంగాణ మాటతీరు ప్రతినాయకులకో హాస్యపాత్రలకో పరిమితమైన సంప్రదాయం తెలుగు సినిమాలో బలంగా ఉండేది. నాయిక ఆ మాటతీరులో ప్రేమించడం, అలగడం, వాదించడం, గెలవడం ఒక సాంస్కృతిక విజయం. తమిళనాట పుట్టిన సాయిపల్లవి ఆ పాత్రకు స్వయంగా డబ్బింగ్ చెప్పడం ఆ విజయానికి తోడ్పడింది. మూడవది కథాగమనం. పెళ్లయిన ఆడపిల్ల మెట్టినింటికి, అందులోనూ అమెరికాకు వెళ్లడమే జీవితపరమార్థమని భావించే కాలంలో, నాయకుడే నాయిక ఊరికి వచ్చి స్థిరపడతాడు. ఊరు విడిచి వెళ్లవలసినది కాదని, రావలసినదని ఈ కథ నిరూపించింది.

అమెరికా చిత్రణలోనూ ఒక విశేషం ఉంది. హాలీవుడ్ తన కొండల్ని కొరియాగా చూపినట్లే, తెలుగు సినిమా అమెరికాను తన భావానికి అనువుగా మలచుకుంది. విశాలమైన రోడ్లు, చక్కని ఇళ్లు, వాటిలో పలకరింపు కరువైన మనుషులు. బాన్సువాడ నిండుదనం తెలియడానికి అమెరికా వెలితిగా కనిపించాలి. ఇక్కడ అమెరికాయే ఉద్దీపన విభావం.

7. కాలువ, క్యాంపు, కర్మాగారం

మరి బాన్సువాడ నిండుదనం దేనితో నిండింది? పచ్చని వరిపొలాలు, వాన, పెరడు, ట్రాక్టరు, పండుగలాంటి పెళ్లి, బంధువుల సందడి. ఇవన్నీ నిజమే. కానీ ఆ పచ్చదనానికి ఒక చరిత్ర ఉంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ లేకుంటే ఈ వరిపొలాలు ఈ రూపంలో ఉండేవి కావు. ఆ కాలువ వెంట సేద్యం చేయడానికి కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల నుంచి రైతులు తరలివచ్చారు. బాన్సువాడ, వర్ని, బోధన్ చుట్టూ పేరు చివర ‘క్యాంపు’ అని ఉండే పల్లెలు ఆ వలసకు గుర్తులు. ఆ పల్లెల్లో కోస్తా మాట, పక్కన తెలంగాణ మాట, తండాల్లో లంబాడీ, బోధన్ బజారులో దక్కనీ ఉర్దూ, సరిహద్దు పల్లెల్లో మరాఠీ వినిపిస్తాయి. ‘ఫిదా’ ఒక నుడికి గౌరవం తెచ్చింది. ఆ నుడి పక్కన వినవచ్చే మిగిలిన నుడులు తెరకు చేరలేదు. తెలంగాణ నాయిక, అమెరికా నాయకుడు అన్న ద్వంద్వానికి క్యాంపు పల్లె ఇమడదు. ఎందుకంటే స్థానికుడు ఎవరు, వలసవచ్చినవాడు ఎవరు అన్న ప్రశ్నను అది మరింత జటిలం చేస్తుంది.

కాలువ నీటితోనే చెరకు పెరిగింది. బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. పల్లెల నుంచి చెరకు బండ్లు, ఆ తర్వాత ట్రాక్టర్లు, లారీలు అక్కడికి బారులు తీరేవి. కర్మాగారం కాలాన్ని కూడా శాసించింది. చెరకు కొట్టే కాలం, గానుగ ఆడే కాలం, డబ్బు చేతికొచ్చే కాలం ఇక్కడి పెళ్లిళ్లకు, అప్పులకు లెక్కలయ్యాయి. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూతపడింది. ‘ఫిదా’ విడుదల నాటికి ఆ మూతకు రెండేళ్లు నిండలేదు. బాన్సువాడ నుంచి బోధన్ దూరమేమీ కాదు. అయినా చిత్రంలో ఆ పొగగొట్టం నీడైనా పడలేదు.

స్కైలర్‌లో సబ్బురాయి కర్మాగారానికి ఏం జరిగిందో, తెరమీద బోధన్ చక్కెర కర్మాగారానికీ అదే జరిగింది. రెండు కథల్లోనూ ఊరి ఆర్థికమూలం తెరమరుగైంది. అయితే ‘ది వాల్టన్స్’ ఆ ఖాళీని పని కోసం దూరమైన తండ్రితో, అప్పుతో, కోతమిల్లు శ్రమతో పూరించింది. ‘ఫిదా’ పూరించలేదు. నిజామాబాద్ పల్లెల్లో దూరదేశం అంటే ముందుగా గుర్తొచ్చేది గల్ఫ్. దుబాయ్, మస్కట్, సౌదీలకు వెళ్లిన కొడుకు, భర్త, తండ్రి కోసం ఎదురుచూసే ఇళ్లు మాక్లూర్ నుంచి ఆర్మూర్ దాకా, బోధన్ నుంచి బాన్సువాడ దాకా ఉన్నాయి. ఆ ఇళ్ల అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలు కుటుంబాలను నడిపారు. ‘ఫిదా’లో దూరదేశం అమెరికా ఒక్కటే. ప్రయాణం పెళ్లి కోసమో, చదువు కోసమో జరుగుతుంది. కూలి కోసం జరిగే ప్రయాణం ఆ చిత్రంలో లేదు. అదే ఏడాది పి. సునీల్‌కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ పేరుతో వలసకూలీల కథను తెరకెక్కించాడు. ఒకే సంవత్సరంలో రెండు దూరదేశాలు తెరమీదికి వచ్చాయి. ప్రేక్షకాదరణ ఒకదానికే దక్కింది.

8. ఒక ఆక్షేపం, దాని సమాధానం

ప్రేమకథ నుంచి ప్రాంతీయ ఆర్థికచరిత్రను ఆశించడం న్యాయమా అన్న ఆక్షేపం ఇక్కడ సహజం. శృంగారానికి ఉద్దీపనం వాన, పొలం, వెన్నెల అయితే చాలదా అని అడగవచ్చు. ఈ ఆక్షేపంలో బలం ఉంది. ప్రతి చిత్రమూ ‘మా భూమి’ కానవసరం లేదు. కర్మాగారం మూతను చూపలేదన్న కారణంతో ‘ఫిదా’ను తోసిపుచ్చడం విమర్శ అనిపించుకోదు.

కానీ ఇక్కడ అడుగుతున్నది వస్తువు మార్చమని కాదు. కథ తనకు తానుగా ఎత్తుకున్న ప్రశ్నకు సమాధానం ఇచ్చిందా అన్నదే పరిశీలన. ఊరు విడిచి వెళ్లవలసిన అవసరం లేదని ‘ఫిదా’ వాదించింది. ఊళ్లో ఉండాలంటే ఊరు తిండి పెట్టాలి. ఆ ఊళ్లో ఉండలేక ఎందుకు వెళ్లారన్నది తెలిస్తేనే ఉండిపోవడంలోని గొప్పతనం తెలుస్తుంది. భానుమతి తండ్రి ఇంటికి తిండికి లోటు లేదు. నాయకుడు వైద్యవిద్య చదివినవాడు. అందువల్ల వారి నిర్ణయం ప్రేమ మీద మాత్రమే ఆధారపడింది. అదే ఊళ్లో ఉండిపోవాలని కోరుకున్నా ఉండలేని కుటుంబం ఒక్కటి, ఒక్క దృశ్యంలో ఎదురైనా, భానుమతి పట్టుదలకు మరింత బరువు వచ్చేది. కథకు అది భారం కాదు, బలం.

ప్రజాదరణకు, జీవికకు వైరుధ్యం లేదని 2023లో వచ్చిన ‘బలగం’ నిరూపించింది. వేణు యెల్దండి దర్శకత్వంలో సిరిసిల్ల ప్రాంతంలో తీసిన ఆ చిత్రంలో అందమైన దృశ్యాల కోసం ఊరు లేదు. చావు ఇంట జరిగే కర్మకాండ, పిట్టకు పెట్టుడు, దాయాదుల అలక, అప్పులో కూరుకుపోయిన మనవడు కథను నడిపాయి. ఊరివారు చేసే పనుల ద్వారానే ఊరు ప్రేక్షకుడికి తెలిసింది. అక్కడ చిత్రీకరణ స్థలం దృశ్యంగా మిగలక, ఆచారంగా పనిచేసింది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. కథాస్థలం, చిత్రీకరణ స్థలం ఒకటైనంత మాత్రాన స్థలసత్యం సిద్ధించదు. అసలు ఊరు కూడా కెమెరా ముందు సెట్టుగా మారగలదు. బర్బాంక్‌లోని కృత్రిమ కొండమీద వర్జీనియా పేదరికం నిలిచినట్లు, సహజమైన పొలంలో ఆ పొలం చరిత్ర నిలవకపోవచ్చు. ఆ స్థలంలో మనుషులు ఏ పని చేసి బతుకుతారు, ఆ పని పోతే ఎక్కడికి వెళతారు అన్న ప్రశ్నలకు తెరమీద చోటు ఉందా లేదా అన్నదే సరైన కొలమానం. ఆ కొలమానంతో చూస్తే ‘ఫిదా’ పేరును, నుడిని నిలిపింది. జీవికను విడిచిపెట్టింది. దాని సాధనను, లోపాన్ని కలిపి చదివినప్పుడే ఆ చిత్రానికి న్యాయం జరుగుతుంది.

విడిచిపెట్టిన దాని ప్రభావం ఎక్కువకాలం ఉంటుంది. మౌంట్ ఎయిరీలో మిల్లులు మూతబడ్డాక ఊరికి మిగిలినది తెరమీది ఊరు. ఆ తెరలో మిల్లు లేదు. బోధన్‌లో కర్మాగారం మూతబడ్డ కాలంలోనే, దానికి సమీపంలో, ఈ ప్రాంతానికి ఒక అందమైన ప్రతిబింబం దొరికింది. అందులోనూ కర్మాగారం లేదు. చెరకు బండ్ల బారును కళ్లారా చూసిన తరం గడిచాక, ఈ ప్రాంతం ఎలా ఉండేదని తెలుసుకోవాలనుకునే విద్యార్థి మొదట చూసేది ఆ ప్రతిబింబమే కావచ్చు. అందులో పచ్చదనం కనిపిస్తుంది, పచ్చదనానికి నీరు తెచ్చిన కాలువ కథ వినిపించదు. నుడి వినిపిస్తుంది, ఆ నుడితో ఫోనులో మస్కట్‌కు మాట్లాడిన తల్లి గొంతు వినిపించదు.

నిజామాబాద్ ప్రాంతపు చిందు యక్షగానం ఒక ఖాళీ స్థలాన్ని మాటతో ఊరుగా మలిచింది. సినిమాకు ఊరే దొరికింది, దానికి మాట కూడా కలిసింది. ఆ ఊరి పనిని కూడా కలుపుకునే కథ కోసం ఈ నేల ఇంకా ఎదురుచూస్తోంది. ఆ దిశగా క్యాంపు పల్లెల వలస, బీడీ కార్మికుల జీవితం, చక్కెర కర్మాగారపు ఉత్థానపతనాలు, గల్ఫ్ నిరీక్షణ తెలుగు దృశ్యమాధ్యమంలో ఏ మేరకు, ఏ రూపంలో ప్రతిఫలించాయన్న పరిశోధన జరగవలసి ఉంది.